మౌనం అర్ధాంగీకారమేనా? వికలాంగ యువతుల పునరుత్పత్తి ఆరోగ్యం: చట్టభాషా పరిశీలన

'మౌనం అర్ధాంగీకారం' తెలుగువారికి చిరపరిచితమైన నానుడి. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల తల వంచుకొని ఊరుకుంటే ఒప్పుకొన్నట్లేనని భావించిన సమాజానికి ఈ మాట చక్కగా ఉపయోగపడింది. మాట రాని యువతి, లేదా మాట్లాడినా ఎవరూ చెవినిడని యువతి వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు ఇదే నానుడి ప్రమాదకరమవుతుంది. ఆమె శరీరానికి సంబంధించిన చట్టాలలో 'సమ్మతి' అనే పదం ఎవరి పరంగా ప్రయుక్తమైందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1971 నాటి వైద్యపర గర్భవిచ్ఛిత్తి చట్టం పద్దెనిమిదేళ్లు నిండని బాలిక విషయంలోనూ, 'ఉన్మాది'గా పేర్కొన్న స్త్రీ విషయంలోనూ సంరక్షకుని లిఖితపూర్వక సమ్మతిని తప్పనిసరి చేసింది. 2002 నాటి సవరణ 'ఉన్మాది' స్థానంలో 'మానసిక రుగ్మత గల వ్యక్తి' అనే పదబంధాన్ని ఉంచి, దాని నిర్వచనం నుంచి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. ఇది కేవలం మర్యాద కోసం చేసిన పదమార్పు కాదని 2009లో తేలింది. చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ వసతిగృహంలో అత్యాచారానికి గురై గర్భం దాల్చిన, స్వల్ప బుద్ధిమాంద్యం గల యువతికి గర్భస్రావం చేయించాలని హైకోర్టు ఆదేశించింది. బిడ్డను కనాలన్నది ఆమె కోరిక. సుచితా శ్రీవాస్తవ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు హైకోర్టు ఆదేశాన్ని నిలిపివేసింది. 2002 నాటి మినహాయింపును ఆధారం చేసుకొని, ఆమె సమ్మతి లేని గర్భస్రావం చెల్లదన్నది. సంతానాన్ని కనడం, కనకపోవడం రెండూ రాజ్యాంగం 21వ అధికరణలోని వ్యక్తిస్వేచ్ఛలో భాగమని స్పష్టం చేసింది. ఒక నిర్వచనంలోని మినహాయింపు ఒక యువతి ఇష్టాన్ని నిలబెట్టింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ దృక్పథాన్ని కొంతవరకే కొనసాగించింది. పునరుత్పత్తి, కుటుంబ నియంత్రణలకు సంబంధించిన సమాచారం వికలాంగులకు అందేలా చూడవలసిన బాధ్యతను సెక్షన్ 10 ప్రభుత్వంపై ఉంచింది. స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా వంధ్యత్వానికి దారితీసే చికిత్స ఎవరికీ చేయరాదన్నది. ఇక్కడ సమాచారం ముందు, సమ్మతి తరువాత రావడం గమనార్హం. అయితే, వికలాంగ స్త్రీకి ఆమె స్పష్టమైన సమ్మతి లేకుండా గర్భస్రావం చేయడాన్ని నేరంగా పరిగణించిన సెక్షన్ 92 ఒక మినహాయింపును కల్పించింది. 'తీవ్ర వైకల్యం' ఉన్నప్పుడు వైద్యుని అభిప్రాయం, సంరక్షకుని సమ్మతి చాలు. ఈ 'తీవ్రత' ఏమిటో సెక్షన్ 2లోని నిర్వచనాలలో లేదు.

ఏ విధంగానూ ఇష్టాన్ని తెలుపలేని స్థితిలో, ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు మరొకరు నిర్ణయించక తప్పదన్న వాదన తోసిపుచ్చదగినది కాదు. లోపం మినహాయింపు ఉండటంలో లేదు. ముందుగా ఆమె ఇష్టాన్ని తెలుసుకొనే ప్రయత్నం చేయాలన్న షరతు అందులో లేకపోవడంలో ఉంది. ఆ షరతుకు ఆధారం ఇదే చట్టంలో లభిస్తుంది. సెక్షన్ 2 'భావప్రసారం' అనే పదానికి సంజ్ఞాభాష, బ్రెయిలీ, స్పర్శ, సరళభాష వంటివన్నీ కలిపి విస్తృతార్థం చెప్పింది. 'స్పష్టమైన సమ్మతి'ని ఈ నిర్వచనంతో అన్వయించి చదివితే, సంజ్ఞలు తెలిసిన మనిషిని పిలవకుండా యువతిని 'చెప్పలేనిది'గా నిర్ణయించే వీలుండదు.

ఆ మనిషి ఎవరన్నది మరో ప్రశ్న. తల్లే దుబాసీ అయినప్పుడు బధిర యువతి గర్భనిరోధం గురించి ఏమని అడగగలదు? అడిగినా ఆ ప్రశ్న వైద్యునికి యథాతథంగా చేరుతుందా? గోప్యత లేనిచోట సమ్మతికి అర్థం లేదు.

పదాలు వెనక్కి నడవడం కూడా కనిపిస్తుంది. ఇరవై నుంచి ఇరవైనాలుగు వారాల మధ్య గర్భవిచ్ఛిత్తికి అర్హులను పేర్కొన్న 2021 నాటి నియమాలు 'బుద్ధిమాంద్యంతో సహా మానసిక రుగ్మత గల స్త్రీలు' అన్నాయి. గడువు పెంపు మేలైనదే. కాని 2002లో చట్టం విడదీసిన రెండింటిని ఈ వాక్యం మళ్లీ ఒకటి చేసింది. 2009లో ఒక యువతిని కాపాడింది ఆ విభజనే.

కనుక సమ్మతిపత్రాన్ని సులభమైన తెలుగులో, బొమ్మలతో, సంజ్ఞాభాషా దృశ్యరూపంలో సిద్ధం చేయడం వైద్యశాఖ పని మాత్రమే కాదు, భాషాశాఖల పని కూడా. ఆమె మౌనం అర్ధాంగీకారం కాదు. చాలా సందర్భాలలో అది మనం నేర్చుకోని భాష.