ఎవరి చీర? ఎవరి నవ్వు?

మగవాడు ఆడవేషం కట్టడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. చీర ఒకటే అయినా ఒకచోట దండం, ఒకచోట చప్పట్లు, ఇంకోచోట వెకిలి నవ్వు ఎందుకు దక్కుతున్నాయన్న ప్రశ్న మాత్రం అరుదు. ఈ ప్రశ్నకు జవాబు కులంలో వెతకాలి.

కూచిపూడిలో బ్రాహ్మణ పురుషుడు సత్యభామ అయితే అది శాస్త్రీయ అభినయం. వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆడవేషం ఆయన కులాన్ని ఒక్క మెట్టు కూడా దించలేదు. నిజామాబాద్ జిల్లాలో చిందు భాగవతం ఆడిన చిందు ఎల్లమ్మ ఆడపాత్రా కట్టింది, మగపాత్రా కట్టింది. 2005లో చనిపోయిన ఆ దళిత కళాకారిణి విద్యకు పండితులు పెట్టిన పేరు 'జానపదం'. శాస్త్రం ఒకరిది, జానపదం ఇంకొకరిది!

టీవీకి వద్దాం. ఈటీవీలో 2013లో మొదలైన 'జబర్దస్త్'లో మగ నటులు చీర కట్టి సినిమా పాటలకు గెంతుతారు. అక్కడ వెక్కిరింపు మగతనం మీద కాదు. గట్టిగా మాట్లాడే ఆడదాని గొంతు మీద, ఆమె ఒంటి మీద, నడక మీద. బతుకుదెరువు కోసం గొంతు పెంచక తప్పని ఆడవాళ్లెవరో మనకు తెలియంది కాదు గదా.

2024 డిసెంబర్‌లో వచ్చిన 'పుష్ప 2'లో అల్లు అర్జున్ చీర కట్టి, నిమ్మకాయల దండ వేసుకొని జాతర పాటకు ఆడితే ఎవరూ నవ్వలేదు. ఒళ్లు గగుర్పొడిచిందన్నారు. ఈ వేషం తిరుపతి గంగమ్మ జాతరది. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి వేటాడుతూ గంగమ్మ బైరాగిగా, బండగా, తోటిగా తిరిగి, చివరికి దొర వేషంలో వాణ్ణి చంపిందని కథ. అంటే దొరతనం కూడా కట్టి విప్పేసే వేషమేనని చెప్పే కథ ఇది. ఊరి వెట్టి చేసే తోటి కూడా ఇందులో దేవత రూపమే. జాతరలో ఈ వేషాలను కైకాల కుటుంబాల మగవాళ్లు కడతారు. సినిమాలో మిగిలింది మాత్రం ఒక్క వీరుడే. అతని చీర మగతనాన్ని ప్రశ్నించదు, ఇంకాస్త పెంచుతుంది.

జాతరలో మాతంగి వేషం కూడా ఉంది. మాతంగి మాదిగల ఆదితల్లి. ఆ వేషం కట్టిన మగవాడు పూజలందుకొని సాయంత్రానికి ఇంటికి పోతాడు. అదే చిత్తూరు సీమలో మాతమ్మకు వదిలిన దళిత ఆడపిల్ల ఆ వేషం విప్పలేదు. జాతరలో ఆడేదీ ఆమే, తెల్లారితే ఊరి మగవాళ్లకు లోకువయ్యేదీ ఆమే. 1988 చట్టం ఈ అంకితాన్ని నేరమంది. నేరమన్నంత మాత్రాన అది ఆగిపోలేదు.

కాబట్టి తెరమీది ఆడవేషాన్ని చూసి లింగభేదం చెరిగిపోయిందని మురిసిపోయే విమర్శ మనకు చాలదు. వేషం విప్పి ఇంటికి పోగలిగేది ఎవరు, పోలేనిది ఎవరు? దళిత స్త్రీ వైపు నుంచి మొదలయ్యే విమర్శ ముందుగా అడగాల్సింది ఇదే.