భుజపు కీలు మార్పిడి: నొప్పి మందుల పోలికపై ఒక విమర్శ

అరిగిపోయిన భుజపు కీలును తీసివేసి, లోహముతోను ప్లాస్టిక్కుతోను చేసిన కీలును అమర్చుట నేటి శస్త్రవైద్యమున సాధారణమైనది. కత్తి పనిచేయునంతసేపు రోగికి బాధ తెలియదు. కష్టమంతయు తరువాతి రెండు మూడు దినములలోనే. ఆ నొప్పిని మార్ఫిన్ జాతి మందులతోనే అణచబోయినచో వాంతులు, మగత, శ్వాస మందగించుట వంటి చిక్కులు కలుగును. అందుచేత నొప్పి వార్తను దారిలోనే ఆపు స్థానిక మత్తుమందులకు ప్రాముఖ్యము వచ్చినది. వీనిలో ఏది మేలు?

బుపివకెయిన్ అను మందు 1957లో స్వీడనులో తయారైనది. అది నాడీతంతువుల పొరలోని సోడియం ద్వారములను మూసివేయును. నొప్పి వార్త మెదడునకు చేరదు. మెడ ప్రక్కన స్కేలీన్ కండరముల నడుమనున్న, భుజమునకు పోవు నాడుల గుచ్ఛము చుట్టును దీనిని ఎక్కించుదురు. గుణము బాగుగనే కనిపించును. కాని లోపములు రెండు కలవు. పొరుగుననే ఫ్రెనిక్ నాడి ఉన్నది. మందు దానిని కూడ తాకినచో ఉదరవితానము, అనగా డయాఫ్రమ్, ఒక ప్రక్క తాత్కాలికముగా చచ్చుబడును. ఊపిరితిత్తుల జబ్బు గలవారికి ఇది అపాయకరము. ఇక, ఒక్కసారి ఇచ్చిన మందు సాధారణముగా ఒక రోజులోపుననే తీరిపోయి, నొప్పి ఒక్కుమ్మడిగా తిరగబడును. సన్నని గొట్టము అమర్చి మందును నిరంతరముగా పంపవచ్చును. కాని ఆ గొట్టము జారిపోకుండ కనిపెట్టి యుండవలెను.

రెండవ లోపమును తీర్చుటకై బుపివకెయిన్‌ను లైపోసోములు అను సూక్ష్మమైన క్రొవ్వు సంచులలో నింపిరి. సంచులు క్రమముగా విడిపోవుచుండగా మందు కొంచెము కొంచెముగా వెలువడును. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని 2011లో గాయము చుట్టును ఎక్కించుటకును, 2018లో భుజచికిత్సలలో పైన చెప్పిన నాడీగుచ్ఛమునకు ఇచ్చుటకును అనుమతించినది.

2018 అనుమతికి ఆధారమైన పరీక్షలో కొత్త మందు నొప్పిని తగ్గించిన మాట నిజము. అయితే దేనికంటె? మందు లేని ద్రావణము కంటె! ఒకనికి పులిహోర పెట్టి, పస్తున్నవానికంటె వాడు తృప్తిగా నున్నాడనుట వంటిదిది. పెరుగన్నము కంటె పులిహోర మేలా అను ప్రశ్న అట్లే మిగిలినది. వైద్యునకు కావలసినది పాత బుపివకెయిన్‌తో పోలిక.

అట్టి పోలికను 2021లో ‘అనెస్థీషియాలజీ’ పత్రికలో వెలువడిన సమీక్ష ఒకటి చేసినది. తొమ్మిది పరీక్షలు, 619 మంది రోగులు. 24 నుండి 72 గంటల వరకు గల నొప్పి గ్రాఫు క్రింది వైశాల్యమును కొలువగా, కొత్త మందుకు అనుకూలముగా వచ్చిన తేడా 1.0 మాత్రమే, రోగికి మేలు తెలియవలెనన్న కనీసము 2.0 కావలెను. తయారీదారుల సాయముతో జరిగిన ఒక పరీక్షను తీసివేసినచో ఆ తేడాకు గణితబలము కూడ మిగులలేదు. లెక్కలో నిలుచు తేడా వేరు, రోగికి తెలియు తేడా వేరు అని విద్యార్థులు ఇచ్చట గమనింపవలెను.

ఈ సమీక్షకును ఒక పరిమితి కలదు. అందు వేర్వేరు నాడుల పరీక్షలు కలిసియున్నవి. కనుక భుజమునకు సంబంధించినంతవరకు అదియే తుదితీర్పు కాజాలదు. అయినను, ఖరీదు ఎక్కువైన మందు తన ఆధిక్యమును తానే రుజువు చేసికొనవలెను. అంతవరకు, ఊపిరితిత్తులు బాగుగనున్నవారికి పాత మందుతో నాడిని మత్తు చేయుటయు, లేనివారికి గాయము చుట్టును మందు ఎక్కించుటయు సబబని నా అభిప్రాయము.

ఆ తయారీ సంస్థ 2021లో పత్రికపై దావా వేసినది. 2022లో న్యాయస్థానము దానిని కొట్టివేసినది. 2023లో పై న్యాయస్థానమును ఆ తీర్పునే నిలిపినది. శాస్త్రవివాదములు తీరవలసిన చోటు పరీక్షాశాల. ఏ మందు గొప్పదని విన్నను మన విద్యార్థి మొదట అడుగవలసినది ఒక్కటే: దేనితో పోల్చి?