ఈఈజీ టోపీ తొడిగే చేతులు

మెదడు ప్రయోగశాలలో విద్యార్థులు తొలుత నేర్చే పనుల్లో మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ టోపీ తొడగడం ఒకటి. తల కొలిచి, నడినెత్తి గుర్తించి, ఒక్కో ఎలక్ట్రోడ్ కింద జుట్టు పాయ తీసి జెల్ నింపాలి. మెదడు సంకేతం మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది. రెప్ప వాల్చినా, పళ్లు బిగించినా చెదురుతుంది. అందుకే పరీక్షకు వచ్చినవారిని నిశ్చింతగా కూర్చోబెట్టే మాటతీరే ఇందులో సగం పనితనం. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీలలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబులున్నాయి. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు మాట్లాడే పాతబస్తీవాసులు, రెండు భాషలు మెదడుపై చూపే ప్రభావాన్ని తెలుసుకునే పరిశోధనకు ఎంతో విలువైనవారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించిన న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. పాతబస్తీ కాలేజీల విద్యార్థులు ఈ ల్యాబుల తలుపు తట్టాలి.