భవంతి ఇంటి విశ్లేషణ: ప్లాను, సెక్షను, నమూనా

నడుమ ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ వాలు కప్పు, దాని కింద వసారా, వెనుక గదులు. కోస్తాలో దీన్ని మండువా లోగిలి అంటారు, తెలంగాణలో భవంతి అంటారు. దీని ప్లాను గీయడం చాలా తేలిక: ఒక చతురస్రంలో మరో చతురస్రం. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట గల్లీల్లోని ఏదైనా అపార్ట్‌మెంటు ప్లాను సంపాదించి చూడండి. వంటగదికీ స్నానాలగదికీ ఆనుకొని ఒక ఖాళీ గడి కనిపిస్తుంది. దాని మీద ‘ఓటీఎస్’ అని ఉంటుంది, అంటే పైకి తెరిచిన జాగా. సొంత ఇళ్ల నక్షల్లో దానికే ‘కోర్ట్‌యార్డ్’ అని పేరు పెట్టేవారూ ఉన్నారు. భవంతి ప్లాను పక్కన ఉంచితే రెండూ ఒకే కుటుంబంలా అనిపిస్తాయి. ప్లాను అబద్ధం ఆడడం లేదు. పొడవు, వెడల్పు చెప్పి ఎత్తు దగ్గర ఊరుకుంటోంది.

కాబట్టి సెక్షను, అంటే నిలువు కోత, గీయండి. నడిమి చోటు వెడల్పు 12 అడుగులు, చూరు ఎత్తు 8 అడుగులు అనుకుందాం. హైదరాబాదులో డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు చూరు అంచు నుంచి ఆ కోణంలో గీత దించితే నీడ 7 అడుగుల దగ్గర ఆగుతుంది. మిగిలిన 5 అడుగుల నేలకూ, ఉత్తరపు వసారాకూ ఎండ అందుతుంది. చలికాలంలో ముసలివాళ్లు గోడకు ఆనుకొని కూర్చోవడానికి అది చాలు.

ఇప్పుడు వెడల్పు మార్చకుండా గోడలను 50 అడుగులకు పెంచండి. అదే ఎండ ఎదుటి గోడ మీద పైనుంచి 14 అడుగులు దిగి ఆగిపోతుంది. మార్చి 21న కూడా 38 అడుగులే. అడుగు నేలకు మధ్యాహ్నపు ఎండ చేరేది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మొదటి వారాల వరకే. మే 10 ప్రాంతంలో, సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు, నిట్టనిలువుగా. కావలసిన నెలల్లో రాదు, వద్దన్న నెలలో వస్తుంది. అయినా గల్లీలో 12 అడుగులు వదిలేదెవరు?

సెక్షను ఒక్క రోజును, ఒక్క గంటను చూపుతుంది. మిగతావాటికి నమూనా కావాలి. 1:50 కొలతలో ఈ బావి 7.3 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. మందపాటి అట్ట చాలు. అడుగున చిన్న రంధ్రం చేసి, డాబా మీద ఎండలో పెట్టి లోపలికి చూడండి. తర్వాత కింద ఒక అగరుబత్తి వెలిగించి, పైన ప్లాస్టిక్ షీటు కప్పండి. వానకు, పావురాలకు జడిసి చాలామంది యజమానులు వేయించే ఫైబర్ షీటు ఇదే. ఇది కచ్చితమైన గాలి లెక్క కాదు, కానీ పొగ ఎక్కడ నిలుస్తుందో కన్ను మరచిపోదు.

పాత భవంతిని ఆకాశానికెత్తడం కూడా విశ్లేషణ కాదు. అది ఎక్కువగా కలిగినవారి ఇల్లు. ఎవరు కడప దాటగలిగారు, ఎవరు బయటే నిలబడ్డారు అన్నది ఏ నక్షలోనూ గీత రూపంలో ఉండదు. మీరు అడిగి రాసుకోవాలి.

నగర స్థలంలో నడిమి వాకిలి అసాధ్యమేమీ కాదు. కొలంబోలో జెఫ్రీ బావా 1960-62లో ఎనా డి సిల్వా కోసం కట్టిన ఇంటికి వీధి వైపు ఎత్తైన గోడ, మధ్యలో విశాలమైన వాకిలి ఉండేవి. తర్వాత ఆ ఇంటిని విప్పి లునుగంగలో మళ్లీ నిలబెట్టారు. పటాలు, గుర్తులు ఇంటిని మోసుకుపోగలవని అది నిరూపించింది. అయితే ఆ గోడకు కారణమైన వీధిని మోసుకుపోలేదు. నా దృష్టిలో ఆ లోటు చిన్నది కాదు.

అభ్యాసం: ఎల్.బి.నగర్ పరిసరాల్లో మీరు ఉంటున్న లేదా ఎరిగిన భవనానికి, ఓటీఎస్ గుండా వెళ్లేలా సెక్షను గీయండి. డిసెంబరు, మే సూర్యకోణాలు గుర్తించండి. ఉదయం 11 గంటలకు ఏ అంతస్తు వంటగదుల్లో లైటు వేసుకోవలసి వస్తోందో అక్కడివారిని అడిగి, ఆ గదులను నల్లగా నింపండి.