పుచ్చుకున్నవాళ్ల పనితనం: అమితావ్ ఆచార్య రచనలు

1990లో ఆస్ట్రేలియా విదేశాంగ మంత్రి గారెత్ ఎవాన్స్, కెనడా విదేశాంగ మంత్రి జో క్లార్క్ ఇంచుమించు ఒకే ప్రతిపాదన చేశారు. 1975 హెల్సింకీ ఒప్పందంతో ఐరోపాలో రెండు శత్రు కూటములు ఒక వేదిక మీదికి వచ్చినట్టే ఆసియాకూ ఒక భద్రతా వేదిక కావాలన్నారు. అంతకు నాలుగేళ్ల ముందే వ్లాదివొస్తోక్ ప్రసంగంలో గోర్బచేవ్ అలాంటి మాటే అన్నారు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ ఎవరి మాటా చెవిన పెట్టలేదు. అదే ఆసియాన్ 1994 జూలైలో అమెరికా, రష్యా, చైనా, జపాన్‌లను బ్యాంకాక్‌కు పిలిచి, మొత్తం 18 మంది భాగస్వాములతో ఆసియాన్ రీజినల్ ఫోరం ప్రారంభించింది. ఈ నాలుగేళ్లలో ఏం మారింది?

ప్రచ్ఛన్నయుద్ధం ముగిసింది, పెద్ద దేశాలు ఒత్తిడి తెచ్చాయి అని సరిపెట్టుకోవచ్చు. అమితావ్ ఆచార్య సరిపెట్టుకోలేదు. 2004లో ‘ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్’ పత్రికలో అచ్చయిన ఆయన వ్యాసం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అంతర్జాతీయ సంబంధాల అధ్యయనంలో అంత శ్రద్ధగా చెక్కిన వ్యాసాలు అరుదు.

ఆచార్య ఒడిశాలో పుట్టారు. కటక్ రావెన్షా కాలేజీలో, ఢిల్లీ జేఎన్‌యూలో చదువుకున్నారు. ఆస్ట్రేలియాలోని మర్డోక్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, టొరంటో, సింగపూర్, బ్రిస్టల్‌లలో పాఠాలు చెప్పి, వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీకి చేరారు. 2014లో ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్ అధ్యక్షులయ్యారు. పాశ్చాత్యేతర ప్రపంచం నుంచి ఆ పదవి అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. ఇంతకంటే పదవుల జాబితా మనకు అక్కర్లేదు. చూడాల్సింది ఆయన చేతిపని.

ఆ వ్యాసంలో మొదట మెచ్చుకోవలసింది ఉదాహరణల ఎంపిక. దేశాల మధ్య కట్టుబాట్లు ఎలా వ్యాపిస్తాయో రాసేవాళ్లు అప్పట్లో ఎక్కువగా గెలిచిన ఆలోచనల కథే చెప్పేవారు. ఎక్కడో ఒకచోట మంచి ఆలోచన పుడుతుంది, దాన్ని నమ్మినవాళ్లు ఊరూరా చాటుతారు, తక్కినవాళ్లు నేర్చుకుంటారు. నేర్చుకోకపోతే వాళ్లదే లోపం. ఆచార్య గెలిచిన ఆలోచన పక్కన ఓడిన ఆలోచనను కూడా పెట్టారు. 1998లో థాయ్ విదేశాంగ మంత్రి సురిన్ పిట్సువాన్, సభ్యదేశం లోపలి వ్యవహారం పొరుగుదేశాల మీద ప్రభావం చూపితే దాని గురించి బాహాటంగా మాట్లాడుకుందామన్నారు. ఆ జూలైలో మనీలా సమావేశంలో ఫిలిప్పీన్స్ తప్ప ఎవరూ ఆయన వెంట నిలవలేదు. ఒకే కూటమి, ఒకే దశాబ్దం; ఒక ఆలోచన నాటుకుంది, ఇంకొకటి బతకలేదు. ఈ జంటను ఎదురెదురుగా నిలబెట్టగానే బయటి ఒత్తిడి ఒక్కటే కారణమనే వాదన నీరుగారిపోతుంది.

ఆయన జవాబు పుచ్చుకున్నవాళ్ల వైపు నుంచి మొదలవుతుంది. వాళ్లకు ముందే కొన్ని నమ్మకాలున్నాయి: ఒకరి ఇంటి విషయాల్లో మరొకరు తలదూర్చకూడదు, చర్చలు చట్టబద్ధమైన షరతులు లేకుండా నెమ్మదిగా సాగాలి, పగ్గాలు ఆసియాన్ చేతిలోనే ఉండాలి. 1991లో ఆసియాన్ దేశాల వ్యూహ అధ్యయన సంస్థలు ఒక దారి చూపించాయి. విదేశాంగ మంత్రుల వార్షిక సమావేశం ముగిశాక బయటి దేశాలతో జరిగే భేటీ ఎలాగూ ఉంది, భద్రత సంగతి అక్కడే మాట్లాడుకోవచ్చన్నాయి. ఐరోపా ఆలోచనను ఈ పాత చెట్టుకు అంటుకట్టారు, అక్కర్లేని కొమ్మలు కత్తిరించారు అంటారు ఆచార్య. హెల్సింకీలో ఉన్న మానవ హక్కుల భాగం పోయింది, కట్టుదిట్టమైన సైనిక నిబంధనలు పోయాయి. చివరికి వచ్చిన వేదిక ఆసియాన్ పరపతిని పెంచింది. సురిన్ ఆలోచనకు అంటుకట్టడానికి అక్కడ పాత కొమ్మే లేదు. పైగా అది ఉన్న చెట్టునే నరుకుతుందని మిగతావాళ్లు భయపడ్డారు.

ఈ కత్తిరింపు ఎంత సూక్ష్మంగా సాగుతుందో 1995లో బ్రూనైలో జరిగిన ఫోరం రెండో సమావేశం పత్రాల్లో కనిపిస్తుంది. ఫోరం దశలవారీ ప్రణాళికలో మూడో దశకు ‘వివాద పరిష్కార యంత్రాంగాలు’ అని ముసాయిదా పెట్టిన పేరు చైనా అభ్యంతరంతో ‘వివాదాల విషయంలో అనుసరించే పద్ధతుల వివరణ’గా మారింది. దౌత్యంలో అసలు పని ఇలాంటి చోటే జరుగుతుంది. పెద్ద మాటలు దాటి ఇలాంటి చోట చూపు నిలపడం ఆచార్యను చదివితే అలవాటవుతుంది.

పుచ్చుకున్నవాళ్ల వైపు నుంచి చూసే ఈ పరికరం ఆయనకు రాజనీతి శాస్త్రంలో దొరకలేదు, చరిత్రలో దొరికింది. ఆగ్నేయాసియాకు హిందూ, బౌద్ధ సంస్కృతులు భారతీయ వలసల వల్లే వెళ్లాయని కలకత్తా పండితులు ఒకప్పుడు గర్వంగా రాశారు. డచ్ చరిత్రకారుడు వాన్ లూర్ 1930లలోనే దాన్ని ప్రశ్నించారు. అక్కడి రాజులే తమ అవసరం కొద్దీ బ్రాహ్మణులను పిలిపించుకున్నారని చెప్పారు. ఆ తర్వాత చరిత్రకారుడు వోల్టర్స్, వచ్చిన సరుకును అక్కడివాళ్లు తమకు తగ్గట్టు ఎలా మలచుకున్నారో చూపించారు. ఆచార్య వాళ్లిద్దరి నుంచీ తీసుకున్నానని దాచుకోకుండా చెప్పి, వెయ్యేళ్ల నాటి గుళ్లూ శాసనాల కోసం తయారైన పనిముట్టుతో ఇరవయ్యో శతాబ్దపు సమావేశ పత్రాలను చదివారు. 2013లో వచ్చిన ‘సివిలిజేషన్స్ ఇన్ ఎంబ్రేస్’లో మళ్లీ ఆ పాత చరిత్రకే వెళ్లారు. కటక్‌లో ఏటా కార్తిక పూర్ణిమకు బాలియాత్ర పేరుతో పూర్వీకుల సముద్రయానాలను పండగ చేసుకుంటారు. ఆ ఊళ్లో చదువుకున్న మనిషి ఘనతలో పెద్ద వాటా అవతలి ఒడ్డువాళ్లకు ఇవ్వడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. ఆగ్నేయాసియా తొలినాటి బుద్ధ విగ్రహాల్లో అమరావతి శైలి పోలికలు చూసి మురిసే మనం కూడా, ఆ విగ్రహాన్ని కోరుకున్నది ఎవరు, ఎందుకు అని అడగడం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

2009 నాటి ‘హూజ్ ఐడియాస్ మ్యాటర్?’లో ఆయన బాండుంగ్ సభకు వెళ్తారు. 1955 ఏప్రిల్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిసిన ఆ సభను ఉపన్యాసాల జాతర అని కొట్టిపారేసినవాళ్లున్నారు. ఆ సభ ప్రకటించిన పది సూత్రాల్లో అయిదోది, ఐక్యరాజ్యసమితి నియమావళి ప్రకారం ఒంటరిగానో కలిసికట్టుగానో ఆత్మరక్షణ చేసుకునే హక్కును ఒప్పుకుంటుంది. వెంటనే ఆరోది, పెద్ద దేశాల సొంత ప్రయోజనాల కోసం ఉమ్మడి రక్షణ ఏర్పాట్లను వాడరాదంటుంది. అయిదోది అమెరికా మిత్రులను తృప్తిపరిచింది, ఆరోది నెహ్రూ వర్గాన్ని. కానీ దెబ్బ తగిలింది ఆగ్నేయాసియా రక్షణ కూటమి సీటోకే. 1954లో పుట్టిన ఆ కూటమిలో ఆగ్నేయాసియా నుంచి థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ మాత్రమే ఉన్నాయి. 1977లో అది మూతపడేదాకా ఆ ప్రాంతం నుంచి ఇంకెవరూ చేరలేదు. ఆసియాలో నాటో వంటిది ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఆయుధాల లెక్కల్లో కాక ఈ సూత్రాల్లో జవాబు వెతకడం సాహసం. ఆచార్య దస్తావేజులు ముందు పెట్టుకుని ఆ సాహసం చేశారు.

ఎదుగుతున్న దేశాల గురించి రాసిన ‘ది ఎండ్ ఆఫ్ అమెరికన్ వరల్డ్ ఆర్డర్’ (2014) ఎక్కువమందికి తెలిసిన పుస్తకం. ఒకే సినిమా ఆడే హాలు పోయి, ఎన్నో తెరలున్న మల్టీప్లెక్స్ వచ్చిందని అందులో అంటారు. మాట బాగా పాకింది కానీ, నా దృష్టిలో ఆయన నేర్పు అంతకుముందు పుస్తకాల్లోనే చిక్కగా ఉంది.

ఆయన్ను విమర్శించినవాళ్లు చెప్పేదాంట్లో బలముంది. డేవిడ్ మార్టిన్ జోన్స్, మైకేల్ స్మిత్ 2007లో ఆసియాన్ ప్రక్రియను పెంచుతోందే తప్ప పురోగతిని కాదని వాదించారు. ఫోరం ఇన్నేళ్లలో ఏ పెద్ద వివాదాన్నీ తీర్చలేదు. ఆచార్య కొలిచింది సంస్థ ఎలా పుట్టింది, ఏ పనులు నెత్తికెత్తుకుంది అనేదే. శాంతి ఎంత వచ్చిందన్నది వేరే కొలత, దాని కోసం వేరే పుస్తకం కావాలి. అయినా ఆయన పద్ధతి ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. 2021 ఫిబ్రవరి తిరుగుబాటు తర్వాత మయన్మార్ సైనిక పాలకుడు మిన్ ఆంగ్ హ్లాయింగ్‌ను ఆ అక్టోబరు శిఖరాగ్ర సభకు రావద్దని ఆసియాన్ చెప్పింది. రాజకీయాలతో సంబంధం లేని ప్రతినిధినైతే పంపవచ్చంది. సభ్యత్వం జోలికి పోలేదు. 1998లో మనీలాలో ఓడిన ఆలోచన ఇరవై మూడేళ్లకు అంటుకట్టుకోవడానికి ఒక చిన్న కొమ్మ వెతుక్కుంది.