‘తాళలేక’ అనే మాట: అనంతపురం కరువు వార్తలు – జాతీయ పాత్రికేయ పురస్కారాలు

వ్యాససంగ్రహం:
జాతీయ పాత్రికేయ పురస్కారాలు ఉత్తమ కథనాన్ని గుర్తిస్తాయి. ఆ కథనానికి ఆధారమైన జిల్లా వార్తను, దాని భాషను పరిశీలించే కొలమానం వాటిలో కనిపించదు. అనంతపురం రైతుల ఆత్మహత్యల వార్తల్లో స్థిరపడిన ఒక వాక్యం ఆధారంగా ఈ వ్యాసం ఆ లోపాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: అనంతపురం, కరువు, వార్తాభాష, జిల్లా అనుబంధం, పురస్కారం, పాలగుమ్మి సాయినాథ్, విద్వాన్ విశ్వం.

1. ఉపోద్ఘాతం:
నవంబర్ 16 జాతీయ పత్రికా దినోత్సవం. భారత పత్రికా మండలి 1966లో ఆ రోజునే పని ప్రారంభించింది. మండలి ఇచ్చే జాతీయ పురస్కారాల్లో గ్రామీణ పాత్రికేయానికి ఒక విభాగం ఉంది. రామ్‌నాథ్ గోయెంకా శతజయంతిని పురస్కరించుకొని నెలకొల్పిన పురస్కారాల్లో అగోచర భారతాన్ని వెలికితీసే రచనలకు ఒకటి, ప్రాంతీయ భాషలకు ఒకటి విభాగాలున్నాయి. పేర్లను బట్టి చూస్తే కరువు సీమలకు ఇవి తగినట్లే కనిపిస్తాయి. అయితే ఇవి కరువు వార్తలో దేనిని శ్రేష్ఠతగా లెక్కిస్తున్నాయన్నది ప్రశ్న.

ఈ ప్రశ్నకు అనంతపురం తగిన క్షేత్రం. దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షపాతం గల జిల్లాగా దీనిని తరచు పేర్కొంటారు. నైరుతి రుతుపవనాలకు ఇది పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. వర్షాధారపు వేరుశనగ ఒక్కటే పంటగా విస్తరించడంతో ఒక అదును తప్పితే ఏడాది సేద్యమంతా అప్పుగా మిగులుతుంది. ఇక్కడ కరువు ఒకనాటి సంఘటన కాదు, ఏళ్ల తరబడి సాగే స్థితి.

2. ఒక వాక్యం – దాని వ్యాకరణం:
తెలుగు దినపత్రికల జిల్లా పుటలు చదివేవారికి ఈ వాక్యం సుపరిచితం: కడుపునొప్పి తాళలేక పురుగుల మందు తాగి రైతు మృతి. సింగిల్ కాలమ్‌లో నాలుగైదు పంక్తుల వార్త. రాసిన విలేకరి పేరుండదు. పోలీసు స్టేషన్‌లో నమోదైన కారణమే వార్తలో కారణమవుతుంది.

ఇందులోని ‘తాళలేక’ వ్యతిరేక క్త్వార్థకం. ఇది ఇక్కడ హేత్వర్థాన్నిస్తుంది. ‘అని పోలీసులు తెలిపారు’ అన్న మాట చివర ఉన్నా లేకున్నా, శీర్షికలో మాత్రం కారణం నిర్ధారిత సత్యంగా నిలుస్తుంది. చెప్పినవారి మాట పత్రిక మాటగా మారిపోతుంది. పురుగుల మందు తాగిన మనిషికి చివరి గడియల్లో కడుపులో మంట, నొప్పి కలగడం సహజం. ఆ ఫలితాన్నే ఈ వాక్యం కారణం స్థానంలో నిలుపుతుంది.

ఇదే చట్రంలో మరో వాక్యం కూడా ఉంది: అప్పుల బాధ తాళలేక రైతు ఆత్మహత్య. రెండింటిలోనూ క్త్వార్థకం ఒక్కటే. దాని ముందరి పదం మాత్రమే వేరు. ఆ పదం మారితే ఒక కుటుంబం గతి మారుతుంది. 2004 జూన్ 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన 421వ ఉత్తర్వు ప్రకారం, రైతు ఆత్మహత్యగా అధికారుల విచారణలో నిర్ధారణ అయితేనే కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు అందేవి. కనుక వార్తలోని హేతువాచకం కేవలం శైలీ విషయం కాదు.

3. పురస్కృత రచన చేసిన పని:
2000ల తొలి సంవత్సరాల్లో పాలగుమ్మి సాయినాథ్ ‘ది హిందూ’లో అనంతపురం ఆత్మహత్యల గురించి రాశారు. పోలీసు లెక్కల్లో కడుపునొప్పి కింద నమోదైన మరణాల వెనుక ఉన్న వ్యవసాయ సంక్షోభాన్ని ఆయన బయటపెట్టారు. 2007లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఇక్కడ శ్రేష్ఠత కొత్త సమాచారాన్ని కనుగొనడంలో లేదు. ఆ మాట తెలుగు పాఠకుల కళ్లముందే ఉంది. అధికార భాషను ప్రమాణంగా స్వీకరించకుండా, నమోదైన పదాన్నే ప్రశ్నించడంలో ఆ శ్రేష్ఠత ఉంది.

దీనినుంచి తెలుగు పత్రికలపైన, పురస్కారాలపైన వేర్వేరు విమర్శలు ఏర్పడతాయి. నిత్యం ఈ వార్తలను ప్రచురించిన తెలుగు పత్రికలు తమ వాక్యాన్ని తాము పరిశీలించుకోలేదు. పురస్కారాలు చదివిన కలాన్ని గుర్తించాయి గాని, చదవడానికి ఆధారంగా నిలిచిన దైనందిన నమోదును గుర్తించలేదు. ఒక ఏడాది, ఒక రచయిత, ఒక కథనం లేదా కథనమాల – ఇదీ పురస్కారాల ప్రమాణం. పంక్తుల లెక్కన పారితోషికం అందుకునే మండల కంట్రిబ్యూటర్ పదేళ్లపాటు రాసిన వార్తలు ఈ ప్రమాణానికి లొంగవు. హిందీకి విడిగా స్థానమిచ్చి, తక్కిన భాషలన్నిటినీ ‘ప్రాంతీయ’ అన్న ఒకే గంపలో వేసినప్పుడు, ‘తాళలేక’ వంటి ఒక ప్రత్యయపు బరువును తూచగల న్యాయనిర్ణేత దొరకడం కష్టం.

4. గోయెంకా పత్రికలో అనంతపురం గొంతు:
ఈ చర్చకు తెలుగులో ఒక పూర్వరంగముంది. 1938లో మద్రాసు నుంచి ఆంధ్రప్రభను వెలువరించినది రామ్‌నాథ్ గోయెంకా. ఆ సంస్థ వారపత్రికకు దీర్ఘకాలం సంపాదకత్వం వహించిన విద్వాన్ విశ్వం అనంతపురం జిల్లా తరిమెలకు చెందినవారు. పెన్న ఒడ్డున రంగడు, గంగమ్మల బతుకును, సీమ కరువును ఆయన ‘పెన్నేటి పాట’ కావ్యంగా చెప్పారు. పత్రికారంగంలోనే జీవించిన రచయిత కరువు వ్యథకు కావ్యాన్ని ఆశ్రయించడం ఆలోచించదగిన విషయం. అప్పు, ఆకలి, కూలి క్రమంగా ఒక కుటుంబాన్ని కుంగదీసే తీరును చెప్పడానికి నాలుగు పంక్తుల వార్త చాలదు. రంగడి కథలో హేతువు ఒక పదం కాదు, ఒక జీవితకాలం. వార్త విడిచిన హేతువును కావ్యం పూరించింది. గోయెంకా పేరిట పురస్కారాలిస్తున్న నేటి కాలంలో ఆయన తెలుగు పత్రికకు చెందిన ఈ వారసత్వం ప్రస్తావనకు రాకపోవడం లోటే.

5. ఇచ్చేవారు – పుచ్చుకునేవారు:
శ్రేష్ఠత అంటే అధికార పదాన్ని ప్రశ్నించడమే అయితే, పురస్కారం ఎవరు ఇస్తున్నారన్నది కూడా ముఖ్యమవుతుంది. సాయినాథ్ 2009లో పద్మభూషణ్‌ను, 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వై.ఎస్.ఆర్. జీవన సాఫల్య పురస్కారాన్ని స్వీకరించలేదు. తాము ఎవరి గురించి రాస్తున్నారో, ఆ ప్రభుత్వాల నుంచి పాత్రికేయులు పురస్కారాలు తీసుకోరాదన్నది ఆయన వాదన. మరణకారణాన్ని నమోదుచేసే యంత్రాంగం, సాయాన్ని నిర్ణయించే యంత్రాంగం రెండూ ప్రభుత్వానివే అయినచోట ఈ వాదనకు బలం ఎక్కువ.

6. ముగింపు:
ప్రతి చిన్న వార్తకూ పురస్కారం ఇవ్వడం సాధ్యం కాదన్న అభ్యంతరం సమంజసమే. కాని ఒకే ప్రాంతం నుంచి ఏళ్ల తరబడి రాసిన వార్తాసముదాయాన్ని ఒక రచనగా పరిగణించే విభాగాన్ని, ఆయా భాషలు చదవగల న్యాయనిర్ణేతలను ఏర్పాటు చేయడం సాధ్యమే. అంతకంటే ముందు చేయవలసిన పని మన తెలుగు శాఖలది. జిల్లా అనుబంధాలు పాత కాగితాల కింద తూకానికి పోతున్నాయి. వాటిని సేకరించి, మరణవార్తల్లో హేతువాచకాలు ఏ ఏడాది ఎలా మారాయో, 2004 ఉత్తర్వు తరువాత ‘కడుపునొప్పి’ స్థానంలోకి ‘అప్పుల బాధ’ ఎంతవరకు వచ్చిందో పరిశీలిస్తే అది ఒక విలువైన పరిశోధనాంశమవుతుంది. పురస్కారం పొందని ఆ నాలుగు పంక్తుల్లోనే అనంతపురం కరువు చరిత్రలో అధికభాగం నమోదై ఉంది. దానిని చదవవలసిన బాధ్యత ఆ భాష తెలిసినవారిదే.