పంపినవాడు, వెంట నడిచినవాడు

1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో వివేకానందుడు తాను పడమటికి ఎందుకు వెళ్లదలిచాడో చెప్పాడు. వెయ్యిమంది దాకా విన్నారు. ముందురోజే నవాబ్ ఖుర్షీద్ జా వెయ్యి రూపాయలిస్తానంటే ఇంకా వేళ రాలేదని వద్దన్నాడు. ఆ ప్రయాణానికి మద్రాసులో ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసింది శిష్యుడైన అళసింగ పెరుమాళ్ అనే బడిపంతులు. ఖేత్రీ రాజు చేయూత ఉన్నా, ఆ చందాలే నాకు పెద్దవిగా తోస్తాయి.

అలాంటి శిష్యుడే మరో గురుపరంపరలోనూ కనిపిస్తాడు. హైదరాబాద్ దగ్గర నందిగామ మండలంలోని కన్హా శాంతివనం ఇప్పుడు శ్రీరామచంద్ర మిషన్ అనే ధ్యానసంస్థకు ప్రధాన కేంద్రం. లక్షమంది కూర్చోగల అక్కడి ధ్యానమందిరం 2020 జనవరిలో తెరుచుకుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఐటీ ఉద్యోగులకు సెలవురోజున చేరుకోగల దూరమే. ఈ మిషన్ సముద్రం దాటడం వెనకా మద్రాసులో ఉద్యోగం చేసుకున్న శిష్యుడే ఉన్నాడు. అభ్యాసీలు, అంటే మిషన్ సాధకులు, చారీజీ అని పిలుచుకునే పార్థసారథి రాజగోపాలాచారి, టి.టి.కె. సంస్థలో పెద్ద ఉద్యోగి. షాజహాన్‌పూర్ కోర్టులో గుమాస్తాగా పనిచేసిన గురువు బాబూజీని 1972లో యూరప్, అమెరికాలకు వెంటబెట్టుకుని వెళ్లాడు.

చారీజీ 1975లో గురువు మీద ‘మై మాస్టర్’ రాశాడు. బాబూజీ నడత, మాట, ప్రేమ అందులో దగ్గరగా కనబడతాయి. శిష్యుడి శ్రమ మాత్రం గురువు వెలుగులో పక్కకు తప్పుకుంటుంది. ఆ వినయం నాకు గౌరవనీయమే. కానీ టికెట్లు ఎవరు చూశారు, కొత్త ఊళ్లో ఎవరి ఇంట దిగారు, అలసిన గురువును ఎవరు కనిపెట్టుకున్నారు? చరిత్రకు ఇవీ కావాలి.

అళసింగ అలాంటి పుస్తకం రాయలేదు. అయినా వివేకానందుడు అతనికి రాసిన ఉత్తరాల్లో మనిషి నిలువెత్తున కనిపిస్తాడు. అమెరికాలో కొందరు తన యోగ్యతను శంకించినప్పుడు, మద్రాసులో సభ పెట్టి తీర్మానం పంపమని స్వామి కోరాడు. 1894లో సభ జరిగింది. 1895లో ‘బ్రహ్మవాదిన్’ పత్రిక మొదలై, దాని బరువూ అళసింగ మీదే పడింది. 1899లో ప్లేగు నిబంధనల వల్ల స్వామిని మద్రాసు రేవులో దిగనివ్వకపోతే, పత్రిక సంగతులు మాట్లాడటానికి కొలంబో దాకా టికెట్టు కొనుక్కుని అదే ఓడ ఎక్కాడు. పది గ్రంథాల స్తోత్రం కన్నా ఆ టికెట్టే శిష్యుడిని ఎక్కువ పట్టిస్తుంది. 1909లో నడివయసులోనే పోయాడు.

అందుకే సాహిత్య సాక్ష్యంగా ఉత్తరాలనే పైన ఉంచుతాను. అక్కడ గురువు ఆజ్ఞాపిస్తాడు, విసుక్కుంటాడు, ఆప్యాయంగా ఆశీర్వదిస్తాడు. సంబంధం రెండువైపులా కదులుతుంది.

చారీజీ తర్వాతి గురువు కమలేష్ పటేల్ గుజరాత్‌లో ఫార్మసీ చదివి, న్యూయార్క్‌లో స్థిరపడ్డ శిష్యుడు. ఆయన సారథ్యంలోనే కన్హా ఇంత ఎదిగింది. నేటి మాదాపూర్ అభ్యాసికి గురువును ఓడ ఎక్కించే పని లేదు. ఉద్యోగం మీద తానే ముందు విదేశానికి వెళ్తాడు. అక్కడ అతను చేసే సేవను గ్రంథస్థం చేసేవాళ్లు అళసింగకు అందిన ఆ ఉత్తరాలను ముందుగా చదవాలి.